హిస్టరీ మొత్తం తుడిచాను, అయినా ప్రకటన నాన్న కళ్ళ ముందుకు ఎలా వచ్చింది?

కొర్లగుంట అమ్మాయి (తిరుపతి), శనివారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

పోయిన నెల మా నాన్నకు పరీక్షలు చేసి, పెద్దపేగులో గడ్డ ఉంది, బయాప్సీ చేయాలి అన్నారు. రిజల్టు వచ్చేదాకా క్యాన్సర్ అన్న మాట ఆయన చెవిన వేయకూడదని అమ్మా, అన్నయ్యా, నేనూ అనుకున్నాం. "పేగులో పుండు" అని చెప్పాం. ఇంట్లో ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్. రాత్రి అందరూ పడుకున్నాక ఆ జబ్బు గురించి, ఆపరేషన్ ఖర్చు గురించి, చెన్నై, వేలూరు వైపు ఆసుపత్రుల గురించి అందులోనే వెతికాను. మూసే ముందు హిస్టరీ తెరిచి నేను చూసిన ప్రతి లైనూ ఎంచి మరీ తీసేశాను.

నాన్న పొద్దున్నే కాఫీ తాగుతూ అదే ల్యాప్‌టాప్‌లో పేపర్ చదువుతారు. నాలుగో రోజు వార్త మధ్యలో ఒక ఆసుపత్రి ప్రకటన వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్ చికిత్స, కింద ప్యాకేజీ రేటు. మర్నాడు మళ్ళీ అదే. ఆ పై రోజు నన్ను పిలిచి, "అమ్మా, ఊరికే ఇదే ఎందుకు చూపిస్తా ఉంది నాకు?" అని అడిగారు. ఆ మొహం చూశాక నాకు నోట మాట రాలేదు.

హిస్టరీ తీసేశాక కూడా ఇది ఎలా తెలిసింది? కంప్యూటర్‌లో కనపడకుండా ఏమైనా ఫైళ్ళు ఉంటాయా? వాటిని తీసేయడం నాలాంటి వాళ్ళకు వీలవుతుందా? నేను బీకాం చదివాను, కంప్యూటర్ పెద్దగా తెలియదు. దయచేసి నిదానంగా చెప్పండి.

బస్టాండు నెట్ సెంటర్ (తిరుపతి), శనివారం రాత్రి 10:58

ముందు నాన్నగారికి అంతా బాగుండాలి చెల్లీ. ఆయన రేపు పొద్దున మళ్ళీ పేపర్ తెరుస్తారు కదా, ఈ రాత్రికి ఒక్క పని చేసి పడుకో. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కితే ఒక పెట్టె వస్తుంది. పైన కాలం అడిగే చోట "ఆల్ టైమ్" పెట్టు. కుకీలు అని ఉన్న దానికి టిక్ పెట్టి డిలీట్ కొట్టు. అన్ని సైట్లలో మళ్ళీ లాగిన్ కావాల్సి వస్తుంది, అంతకు మించి ఏమీ పోదు. పాస్‌వర్డ్‌లకు టిక్ మాత్రం పెట్టొద్దు. మిగతాది పెద్దవాళ్ళు వివరంగా చెబుతారు.

కొర్లగుంట అమ్మాయి, శనివారం రాత్రి 11:10

చేశానన్నా. చాలా థ్యాంక్స్.

గ్రీమ్స్‌పేట మాస్టారు (చిత్తూరు), ఆదివారం ఉదయం 6:15

అమ్మా, మీరు అడిగినదానికి మూలం నుంచి చెబుతాను, అప్పుడు సెట్టింగ్స్ వాటంతట అవే అర్థమవుతాయి.

అలిపిరి దగ్గర నడిచి వెళ్ళేవాళ్ళు సామాను ఇచ్చి రసీదు తీసుకుంటారు కదా. కౌంటర్‌లో ఉన్నాయనకు రోజుకు వేల మంది. మీ మొహం ఆయనకు గుర్తుండదు, అవసరం కూడా లేదు. కొండ పైన రసీదు చూపిస్తే నంబరును బట్టి మీ సంచి మీ చేతికి వస్తుంది. వెబ్ కూడా పుట్టినప్పుడు ఇలాంటి మతిమరుపు కౌంటరే. ఒక పేజీ ఇచ్చి ఊరుకుంటుంది, రెండో పేజీ అడిగేది మీరేనని దానికి తెలియదు. అందుకే 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేసే లూ మాంటుల్లి అనే ఇంజనీరు ఒక ఉపాయం కనిపెట్టాడు. సైటు మీ బ్రౌజర్ (క్రోమ్ లాంటిది) చేతికి ఒక చిన్న రసీదు ఇస్తుంది. తర్వాత ఆ సైటుకు మీరు ఎన్నిసార్లు వెళ్ళినా బ్రౌజర్ ఆ రసీదు చూపిస్తుంది. అదే కుకీ. లోపల ఉండేది కాస్త రాత, సాధారణంగా 4 కిలోబైట్లు దాటదు. అది ప్రోగ్రాం కాదు, వైరస్ కాదు. అది లేకపోతే మీరు దర్శనం టికెట్ కోసం లాగిన్ అయిన మరుక్షణం, తర్వాతి పేజీలో మీరెవరో దానికి తెలియదు.

ఇంతవరకు మంచిదే. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఒక వార్తల పేజీ మీరు తెరిచినప్పుడు అందులోని ప్రకటన, లైక్ బటన్, వీడియో డబ్బా వేరే వేరే కంపెనీల సర్వర్ల (పేజీలు పంపే కంప్యూటర్ల) నుంచి వస్తాయి. అవి కూడా తమ రసీదు మీ బ్రౌజర్‌లో పెట్టగలవు. వీటినే థర్డ్ పార్టీ కుకీలు అంటారు. గాంధీ రోడ్డులో యాభై దుకాణాలు ఉన్నాయనుకోండి. మీరు ఏ దుకాణంలోకి వెళ్ళినా తలుపు పక్కన ఒకే మనిషి నోటు పుస్తకం పట్టుకుని నిలబడి, మీ రసీదు నంబరు చూసి రాసుకుంటున్నాడు. మీ పేరు అతనికి తెలియకపోవచ్చు. మందుల షాపులో ఏమి అడిగారో, బంగారం షాపులో ఎంతసేపు ఉన్నారో మాత్రం ఒకే నంబరు కింద చేరుతుంది.

ఇక హిస్టరీ సంగతి. మీరు ఏమేం చూశారో మీ బ్రౌజర్ మీ కోసం రాసిపెట్టుకున్న చిట్టా అది. మీరు ఆ చిట్టాలో లైన్లు కొట్టేశారు. రసీదు మీ జేబులోనే ఉంది, అవతలి వాడి నోటు పుస్తకంలో రాత కూడా అట్లాగే ఉంది.

రేణిగుంట రోడ్డు (తిరుపతి), ఆదివారం ఉదయం 8:30

మాస్టారు చెప్పిన నోటు పుస్తకం వైపు నేను పనిచేశాను. కాబట్టి ఈ చర్చ చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

నాలుగేళ్ళు ఆన్‌లైన్ ప్రకటనల పని చేశాను. ఆసుపత్రి కావచ్చు, కోచింగ్ సెంటర్ కావచ్చు, వాళ్ళ వెబ్‌సైటులో ప్రకటనల కంపెనీ ఇచ్చిన నాలుగు లైన్ల కోడ్ పెడతాం. దాన్ని పిక్సెల్ అంటారు. ఎవరైనా ఫలానా పేజీ చూసి, అపాయింట్‌మెంట్ తీసుకోకుండా వెళ్ళిపోతే వాళ్ళ రసీదు నంబరు ఒక జాబితాలో చేరుతుంది. తర్వాత వాళ్ళు వార్తలు చదువుతున్నా, క్రికెట్ స్కోరు చూస్తున్నా ఆ జాబితాలో ఉన్నవాళ్ళకు మన ప్రకటన వెయ్యమని డబ్బు కడతాం. దీని పేరు రీమార్కెటింగ్. మీ నాన్నగారికి జరిగింది చాలావరకు ఇదే. మీరు రాత్రి చూసిన ఆసుపత్రి పేజీ ఆ ల్యాప్‌టాప్‌ను జాబితాలో వేసింది. దాని ముందు కూర్చున్నది కూతురా, నాన్నా అన్నది ఆ జాబితాకు తెలియదు. ఒక బ్రౌజర్ అంటే ఒక మనిషి అని లెక్క.

ఆరోగ్యం, జబ్బుల విషయంలో ఇట్లా వెంటపడి ప్రకటనలు వేయకూడదని గూగుల్ లాంటి పెద్ద ప్రకటనల సంస్థల నియమాల్లో రాసి ఉంది. కానీ వెబ్‌లో ప్రకటనలు అమ్మే సంస్థలు చాలా ఉన్నాయి, కోడ్ పెట్టేవాళ్ళు పేజీ పేరు మామూలుగా పెట్టి వదిలేస్తారు. నేను కూడా ఒక క్లినిక్‌కు పెట్టాను. సంతానం కోసం చికిత్స చేసే క్లినిక్ అది. ఆ ప్రకటన ఏ ఇంట్లో ఎవరి ముందు తెరుచుకుంటుందో అప్పుడు నేను ఆలోచించలేదు. మీ పోస్టు చదివాక రాత్రి అది గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

ఎస్వీయూ ఎంసీఏ (తిరుపతి), ఆదివారం ఉదయం 9:05

అక్కా, ఇంత గొడవ ఎందుకు, రోజూ రాత్రి అన్నీ డిలీట్ చేసి వీపీఎన్ పెట్టేస్తే సరిపోతుంది కదా?

గ్రీమ్స్‌పేట మాస్టారు, ఆదివారం ఉదయం 9:40

బాబూ, వీపీఎన్ మార్చేది మీరు ఏ ఊరి నుంచి, ఏ కనెక్షన్ నుంచి వస్తున్నారన్న చిరునామాను. జేబులో రసీదు అదే ఉంటే, రేణిగుంట నుంచి వచ్చినా సింగపూర్ నుంచి వచ్చినా నంబరు అదే. రెండూ వేరే పనులు.

రోజూ అన్నీ తుడిచేయడం కూడా నిలవదు. నాలుగు రోజులు చేస్తారు, అయిదో రోజు బ్యాంకు సైటు కొత్త కంప్యూటర్ అనుకుని ఓటీపీలు అడిగితే విసుగొచ్చి మానేస్తారు. తుడవడం కంటే అక్కర్లేనిది అసలు చేరకుండా చూసుకోవడం తేలిక.

పాత కంప్యూటర్ల మెకానిక్ (తిరుపతి), ఆదివారం ఉదయం 11:20

"కనపడని ఫైళ్ళు" అన్న మాట చూసి ఆగాను. ఒకప్పుడు అవి నిజంగానే కనపడేవి కావు.

ఫ్లాష్ ప్లేయర్ రోజులు గుర్తున్నవాళ్ళకు తెలుస్తుంది. వీడియో కావాలన్నా, గేమ్ కావాలన్నా ఫ్లాష్ ఉండాల్సిందే. అది తన రసీదులను బ్రౌజర్‌కు సంబంధం లేని వేరే ఫోల్డర్‌లో దాచుకునేది. లోకల్ షేర్డ్ ఆబ్జెక్ట్‌లు అనేవాళ్ళు, మామూలు మాటలో ఫ్లాష్ కుకీలు. మామూలు కుకీ 4 కిలోబైట్లయితే వీటికి 100 కిలోబైట్ల దాకా అడగకుండానే చోటు. బ్రౌజర్‌లో కుకీలు ఎన్నిసార్లు తుడిచినా ఇవి కదిలేవి కావు. పైగా గడువు కూడా ఉండేది కాదు. 2009లో అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం పరిశోధకులు బాగా పేరున్న 100 సైట్లు చూస్తే సగానికి పైగా వీటిని వాడుతున్నాయని తేలింది. అంతకంటే దారుణం, కొన్ని సైట్లు మనం తుడిచిన మామూలు కుకీని ఈ ఫ్లాష్ కాపీ చూసి మళ్ళీ అదే నంబరుతో రాసేవి.

అప్పట్లో నేను కస్టమర్ల కంప్యూటర్లలో ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజర్ వేసి, దానికి బెటర్ ప్రైవసీ అనే యాడ్-ఆన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం) పెట్టేవాణ్ణి. బ్రౌజర్ మూసేటప్పుడు "ఇన్ని ఫ్లాష్ కుకీలు ఉన్నాయి, తీసేయనా?" అని అడిగేది. మొదటిసారి నడిపినప్పుడు ఒక వకీలు గారి కంప్యూటర్‌లో వందల్లో వచ్చాయి. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి చూశారు. 2011 నుంచి బ్రౌజర్‌లోనే వాటిని తుడిచే వీలు వచ్చింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాషే ఆగిపోయింది కాబట్టి ఆ ఫైళ్ళ గురించి ఇప్పుడు టెన్షన్ అక్కర్లేదు. పాత కంప్యూటర్‌లో ఆ ఫోల్డర్ మిగిలి ఉంటే తీసేయొచ్చు.

ఆ ఆలోచన మాత్రం పోలేదు. 2010లో శామీ కామ్‌కార్ అనే అతను ఎవర్‌కుకీ అని ఒకటి రాసి చూపించాడు. ఒకే నంబరును బ్రౌజర్‌లో పదికి పైగా చోట్ల దాచిపెడుతుంది. ఒక్క చోట మిగిలినా దాన్ని చూసి మిగతావన్నీ మళ్ళీ మొలుస్తాయి. ఇది సాధ్యమేనని జనానికి తెలియాలని అతను బయటపెట్టాడు.

తిరుచానూరు క్యాషియర్, ఆదివారం మధ్యాహ్నం 1:15

అన్నా, మరి ఇప్పుడు అట్లా ఎక్కడెక్కడ దాక్కుంటాయి?

పాత కంప్యూటర్ల మెకానిక్, ఆదివారం మధ్యాహ్నం 1:50

ఈ రోజుల్లో ముఖ్యంగా లోకల్ స్టోరేజ్ అని ఒకటి ఉంది. ఒక్కో సైటుకు సుమారు 5 మెగాబైట్ల దాకా చోటు, గడువు లేదు. ఇండెక్స్‌డ్ డీబీ అని ఇంకొకటి, అందులో ఇంకా ఎక్కువ పడుతుంది. తర్వాత క్యాష్, అంటే బొమ్మలూ ఫైళ్ళూ మళ్ళీ మళ్ళీ దించుకోకుండా దాచుకునే చోటు. దాంట్లో కూడా ఫైలుకు ఒక గుర్తు వేసి, ఆ గుర్తుతో మనిషిని పట్టుకోవచ్చు.

అందుకే ఇప్పటి బ్రౌజర్లలో "కుకీలు, ఇతర సైట్ డేటా" అని కలిపి రాస్తారు. ఆ టిక్ పెడితే లోకల్ స్టోరేజ్ వగైరా కూడా పోతాయి. క్యాష్‌కు విడిగా టిక్ ఉంటుంది, అదీ పెట్టాలి. రాత్రి నెట్ సెంటర్ అన్న తొందరలో ఆ రెండోది చెప్పలేదు.

బస్టాండు నెట్ సెంటర్, ఆదివారం సాయంత్రం 4:05

అవును, మర్చిపోయాను. చెల్లీ, అది కూడా చేసెయ్.

ఇంకొకటి చెప్పాలి. ప్రకటనల కంటే నాకు భయం వేసేది వేరే. మా దగ్గరికి దర్శనం టికెట్లకు, హాల్ టికెట్లకు, పాస్‌పోర్టుకు, పింఛను కాగితాలకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పని అయిపోయాక పేజీ మూసి లేచి వెళ్ళిపోతారు. పేజీ మూస్తే లాగౌట్ కాదు. మొదట్లో ఒకసారి ఒక తమిళనాడు ఆమె మెయిల్ తెరిచి ఉండగానే బస్సుకు పరుగెత్తింది. ఆ తర్వాత కూర్చున్న పిల్లోడు నన్ను పిలిచి చూపించాడు. మంచి పిల్లోడు కాబట్టి సరిపోయింది.

అప్పటి నుంచి అన్ని సిస్టమ్‌లలో ఫైర్‌ఫాక్స్‌లో "మూసేటప్పుడు కుకీలు, సైట్ డేటా తొలగించు" అన్నది ఆన్ చేసి పెట్టాను. క్రోమ్ కావాలన్నవాళ్ళకు గెస్ట్ విండో తెరిచి ఇస్తాను. ఆ కిటికీ మూయగానే లోపలిదంతా పోతుంది. మనిషి లేచిన ప్రతిసారీ నేనే వెళ్ళి బ్రౌజర్ మొత్తం మూసి మళ్ళీ తెరుస్తాను.

ఇవన్నీ చేసినా పోనిది ఒకటుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్. ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌లు అందులో పడి ఉంటాయి. ఇన్‌కాగ్నిటోలో (హిస్టరీ దాచుకోని కిటికీలో) దించినా ఆ ఫైలు అక్కడే ఉంటుంది. నేను గంటకోసారి ఖాళీ చేస్తాను, తర్వాత రీసైకిల్ బిన్ కూడా. మీరు ఏ నెట్ సెంటర్‌కు వెళ్ళినా లేచే ముందు మీ ఫైలు మీరే తీసేయించండి. అడగడానికి మొహమాటపడొద్దు. అడిగితే కోప్పడే చోట కూర్చోవద్దు.

తిరుచానూరు క్యాషియర్, ఆదివారం రాత్రి 8:20

లాగౌట్ మాట వచ్చింది కాబట్టి నా అనుభవంలోది చెబుతాను. బ్యాంకులో పనిచేస్తాను, టెక్నికల్ మనిషిని కాను.

లాగిన్ అయ్యాక మనల్ని గుర్తుపట్టేది కూడా కుకీనే. అంటే ఆ కుకీ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మనం. కొన్ని దొంగ ప్రోగ్రాములు పాస్‌వర్డ్ జోలికే పోవు, బ్రౌజర్‌లోని లాగిన్ కుకీని ఎత్తుకుపోతాయి. అప్పుడు పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ కూడా అడగదు, ఎందుకంటే అవన్నీ మనం అప్పటికే దాటేశాం. మా దూరపు బంధువు ఒకాయన ఉచితంగా వస్తుందని దొంగ సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించుకున్నాడు. రెండు రోజుల్లో ఆయన మెయిల్ నుంచి అందరికీ డబ్బులు కావాలని ఉత్తరాలు వెళ్ళాయి. "ఓటీపీ ఎవరికీ చెప్పలేదు" అని ఆయన ఏడుపు. నిజమే, చెప్పలేదు.

అట్లా అనుమానం వస్తే మన దగ్గర కుకీ తుడిస్తే చాలదు, కాపీ అవతల ఉంది కాబట్టి. ముందు శుభ్రంగా ఉన్న వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో పాస్‌వర్డ్ మార్చి, "అన్ని పరికరాల నుంచి లాగౌట్" కొట్టాలి. అప్పుడు సర్వర్ దగ్గర పాత రసీదు చెల్లకుండా పోతుంది. బ్యాంకు సైట్లు కొద్ది నిమిషాలు ఊరికే ఉంటే బయటికి నెట్టేస్తాయని కస్టమర్లు మా మీద విసుక్కుంటారు. దానికి ఇది కూడా ఒక కారణం.

పూతలపట్టు మామిడి (చిత్తూరు జిల్లా), ఆదివారం రాత్రి 9:00

నాకు కంప్యూటర్ లేదు. ఉన్నదంతా ఫోనే. తోతాపురి రేటు చూస్తే చాలు, గంటలో ఎరువులు, ట్రాక్టర్ లోన్లు. ఫోన్‌లో ఏమి చేయాలి?

ఎస్వీయూ ఎంసీఏ, ఆదివారం రాత్రి 9:35

అన్నా, నేను పొద్దున తొందరపడి రాశాను, కానీ ఫోన్ సంగతి నాకు బాగా తెలుసు.

క్రోమ్‌లో పైన మూడు చుక్కలు నొక్కితే బ్రౌజింగ్ డేటా తొలగించే చోటు ఉంటుంది. అక్కడ కాలం తప్పకుండా మార్చండి, లేకపోతే చివరి కొద్ది నిమిషాలవే పోయి పాతవన్నీ ఉండిపోతాయి. తర్వాత సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్‌కు వెళ్ళి థర్డ్ పార్టీ కుకీలు బ్లాక్ చేయండి.

ఫోన్‌లో ఇంకో రెండు విషయాలు ఉన్నాయి. ఫేస్‌బుక్‌లో ఒక లింక్ నొక్కితే అది ఆ యాప్ లోపలే తెరుచుకుంటుంది కదా, ఆ లోపలి బ్రౌజర్ కుకీలు వేరు. క్రోమ్‌లో తుడిస్తే అవి పోవు. అక్కడే మూడు చుక్కలు నొక్కి బయటి బ్రౌజర్‌లో తెరవండి. రెండోది, యాప్‌లు ఎక్కువగా కుకీల మీద ఆధారపడవు. ఆండ్రాయిడ్ ఫోన్‌కు ప్రకటనల కోసం ఒక ఐడీ ఉంటుంది, చాలా యాప్‌లు దాన్నే చూస్తాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్, అక్కడ "డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ" ఉంటుంది. కొన్ని ఫోన్లలో ప్రైవసీ కింద ఉంటుంది. తీసేస్తే ఫోన్‌కు ఏమీ కాదు.

వీలైతే ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ వేసి యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్-ఆన్ పెట్టుకోండి. ట్రాకర్లను, అంటే మన వెంటపడే ఆ కోడ్‌లను, చాలావరకు అసలు పిలవనివ్వదు. డేటా కూడా ఆదా అవుతుంది.

పూతలపట్టు మామిడి, ఆదివారం రాత్రి 10:10

ఐడీ తీసేశాను తమ్ముడూ. ప్రైవసీ కిందే ఉండాది మా ఫోన్‌లో.

గ్రీమ్స్‌పేట మాస్టారు, సోమవారం ఉదయం 6:30

ఎంసీఏ బాబు బాగా రాశాడు. బ్రౌజర్ల మధ్య తేడా కూడా చెప్పేస్తే అమ్మాయికి ఏది ఎంచుకోవాలో తెలుస్తుంది.

ఆపిల్ సఫారీ 2020 మార్చి నుంచి థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022 జూన్ నుంచి కంప్యూటర్లలో ఒక్కో సైటుకు ఒక్కో డబ్బా కట్టింది. వార్తల సైటులో పెట్టిన రసీదు ఆ డబ్బాలోనే ఉంటుంది, ఆసుపత్రి సైటులో ఉన్న అదే కంపెనీకి అది కనపడదు. నోటు పుస్తకం మనిషి ప్రతి దుకాణంలో ఉన్నా, ప్రతి చోటా మీరు వేరే నంబరుతో కనపడతారు. క్రోమ్ కూడా ఆపేస్తామని 2020 జనవరిలో చెప్పింది, వాయిదాల మీద వాయిదాలు వేసి, చివరికి 2025 ఏప్రిల్‌లో ఉన్నది ఉన్నట్టే ఉంచుతామని తేల్చింది. అంటే క్రోమ్‌లో మామూలు కిటికీలో మనమే వెళ్ళి ఆపుకోవాలి. ఇన్‌కాగ్నిటోలో అయితే మనం ఏమీ మార్చకుండానే ఆగి ఉంటాయి. ప్రపంచంలో ఎక్కువమంది వాడే బ్రౌజర్ ప్రకటనల మీద బతికే కంపెనీ చేతిలో ఉండటం నాకు మొదటి నుంచీ నచ్చని విషయం. ఇది నా అభిప్రాయం.

పొద్దున్నే పాఠం ఎక్కువైతే మన్నించండి, ఒక హద్దు కూడా చెప్పాలి. కుకీలు అసలే లేకపోయినా స్క్రీన్ సైజు, ఫాంట్లు, భాష, గ్రాఫిక్స్ కార్డు లాంటివి కలిపి బ్రౌజర్‌ను గుర్తుపట్టే పద్ధతి ఉంది. వేలిముద్ర లాంటిది. 2010లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే అమెరికా సంస్థ పరీక్ష పెడితే వచ్చిన బ్రౌజర్లలో 83.6 శాతం వాటికి మరొకటి పోలిక దొరకలేదు. ఫైర్‌ఫాక్స్, సఫారీ దీన్ని కొంత తగ్గిస్తాయి, పూర్తిగా కాదు. అయినా వేలిముద్రకు భయపడి తలుపు తాళం మానేయం కదా.

బైరాగిపట్టెడ వకీలు (తిరుపతి), సోమవారం ఉదయం 10:45

చట్టం వైపు నుంచి కొంచెం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. తర్వాత 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలు ఆ నోటిఫికేషన్ నుంచి పద్దెనిమిది నెలలకు అమలులోకి వస్తాయి. చట్టం కుకీ అన్న మాట వాడలేదు. కానీ సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా, ఫలానా పనికి అని తెలిసి ఇచ్చినదై ఉండాలంటుంది. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు కూడా ఉంది. పద్దెనిమిది ఏళ్ళలోపు పిల్లల వెంటపడి వాళ్ళను గురిచూసి ప్రకటనలు వేయకూడదనేది అందులో నాకు బాగా నచ్చిన మాట.

సైటు తెరవగానే కుకీలు ఒప్పుకుంటారా అని అడుగుతుంది చూశారా, చాలా చోట్ల "అన్నీ ఒప్పుకుంటున్నాను" పెద్ద రంగు బటన్, "వద్దు" అన్నది మూలన చిన్న అక్షరాల్లో. ఒక్క నిమిషం ఆగి ఆ చిన్నదాన్ని వెతికి నొక్కండి. నా క్లయింట్లకు కాగితం మీద సంతకం గురించి చెప్పేది కూడా ఇదే.

రేణిగుంట రోడ్డు, సోమవారం మధ్యాహ్నం 12:20

కొర్లగుంట చెల్లెలికి ఒక ముఖ్యమైన మాట. ఆ ల్యాప్‌టాప్‌లో గూగుల్ అకౌంట్ లాగిన్ అయి ఉంటే మీరు వెతికినవి అకౌంట్‌లో కూడా చేరతాయి. అవి కుకీలు తుడిస్తే పోవు. మై యాక్టివిటీ అనే పేజీలో వాటిని చూసి తీసేయొచ్చు, ఇక చేరకుండా ఆపొచ్చు, మూడు నెలలు దాటినవి వాటంతట అవే పోయేలా కూడా పెట్టొచ్చు. గూగుల్ యాడ్ సెంటర్ పేజీలో వ్యక్తిగత ప్రకటనలు ఆఫ్ చేయండి. గూగుల్ ప్రకటనలు వస్తూనే ఉంటాయి, మన పాత వెతుకులాటను బట్టి మాత్రం రావు.

ఇంకొకటి, "కుకీలు పూర్తిగా శుభ్రం చేస్తాం" అని డబ్బు అడిగే సాఫ్ట్‌వేర్‌లు ఎక్కించకండి. ఇక్కడ చెప్పినవన్నీ బ్రౌజర్‌లోనే ఉచితంగా ఉన్నాయి.

కొర్లగుంట అమ్మాయి, తర్వాతి ఆదివారం సాయంత్రం 6:40

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఈ వారం ఆసుపత్రి చుట్టూనే సరిపోయింది.

మీరు చెప్పినవి అన్నయ్య, నేను కూర్చుని ఒక్కొక్కటిగా చేశాం. ఫైర్‌ఫాక్స్ వేశాం. మూసేటప్పుడు అన్నీ పోయేలా పెట్టి, నాన్న చదివే పేపర్, బ్యాంకు, మెయిల్ మూడింటిని మాత్రం మినహాయింపు జాబితాలో పెట్టాం. యూబ్లాక్ ఆరిజిన్ ఎక్కించాం. విండోస్‌లో నాన్నకు విడిగా ఒక యూజర్, నాకు ఒకటి చేశాం. మై యాక్టివిటీ తెరిచినప్పుడు నేను అర్ధరాత్రి రెండింటికి వెతికినవన్నీ తేదీలతో సహా వరసగా కనపడ్డాయి. చదువుతుంటే చేతులు వణికాయి. తీసేశాను.

బయాప్సీ రిజల్టు బుధవారం వచ్చింది. క్యాన్సరే, మొదటి దశ అన్నారు, ఆపరేషన్‌తో బాగవుతుందని డాక్టరు గారు ధైర్యం చెప్పారు. నాన్నకు ఎవరు చెప్పాలా అని మేము గుమ్మంలో నిలబడి ఉంటే ఆయనే పిలిచి, "నాకు ఆ ప్రకటన వచ్చిన రోజే అర్థమైంది, మీరు భయపడతారని నేనూ అడగలేదు" అన్నారు. వారం రోజులు ఆయన ఒక్కడే ఆ మాట మోశారు. అది నాకు తట్టుకోలేనిదిగా ఉంది. చెప్పాల్సింది మేము, కూర్చోబెట్టి, చేయి పట్టుకుని. ఆ చెప్పే హక్కు మా దగ్గరి నుంచి పోయింది.

ఇప్పుడు ఇద్దరం కలిసే వెతుకుతున్నాం. ఆపరేషన్ తర్వాత ఏమి తినాలో నిన్న ఆయనే టైపు చేశారు. ఒక చిన్న సందేహం మాత్రం ఉంది. మినహాయింపులో పెట్టిన పేపర్ సైటు తన సొంత కుకీలు ఉంచుకుంటుంది కదా, దానివల్ల మళ్ళీ ఇబ్బంది ఉందా?

గ్రీమ్స్‌పేట మాస్టారు, ఆదివారం సాయంత్రం 7:05

లేదమ్మా. ఆ పేపర్ కుకీ ఆ పేపర్ డబ్బాలోనే ఉంటుంది. ఆ సైటులో ఏ వార్తలు చదివారో వాళ్ళకు తెలుస్తుంది, మీరు ఆసుపత్రి పేజీ చూసింది తెలియదు. లోపల ప్రకటనలు పెట్టే కంపెనీలను యూబ్లాక్ చాలావరకు రానివ్వదు. నెలకోసారి ఆ ఒక్క సైటు డేటా తీసేసి మళ్ళీ లాగిన్ అయితే ఇంకా మంచిది. నాన్నగారి ఆపరేషన్ తేదీ తెలిస్తే రాయండి.

బస్టాండు నెట్ సెంటర్, ఆదివారం రాత్రి 7:30

రిపోర్టులు ప్రింట్లు కావాలంటే ఏ టైమైనా రా చెల్లీ. పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకో, నీ ముందే తీసేస్తాను.